ఎన్ని సిట్టింగులు?

‘కౌన్సెలింగ్’ అన్న మాట తెలుగులో మొదట ఎక్కడ విన్నామో గుర్తు చేసుకుంటే కొంచెం నవ్వొస్తుంది. చాలా ఇళ్ళలోకి అది ఎంసెట్ ర్యాంకు కార్డుతో పాటు వచ్చింది. పిల్ల ర్యాంకుకి ఏ కాలేజీలో ఏ సీటు దొరుకుతుందో తేల్చే తతంగం పేరు కౌన్సెలింగ్. తర్వాత ఆ మాటని పోలీసులు అందుకున్నారు. రౌడీషీటర్లకు కౌన్సెలింగ్. బస్టాపుల్లో ఆడపిల్లల వెంటపడే కుర్రాళ్ళకు తల్లిదండ్రుల ఎదుట కౌన్సెలింగ్. శనివారం రాత్రి జూబ్లీహిల్స్ రోడ్ల మీద తాగి బండి నడుపుతూ దొరికిన వాళ్ళకు కౌన్సెలింగ్. భర్త కొడుతున్నాడని స్టేషన్ మెట్లెక్కిన ఆడమనిషికి జరిగేదీ కౌన్సెలింగే. ఇన్ని రకాల్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటుంది. ఎదుట కూర్చున్న మనిషి ఏం చెయ్యాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఆ మనిషి చేత ఒప్పించడమే మిగులుతుంది.

ఈ చరిత్ర వల్లనే, మనసు బాగాలేక ఎవరి దగ్గరికైనా వెళ్దామనుకున్న స్త్రీకి మొదటి అడుగులోనే చిక్కు ఎదురవుతుంది. తనకు కావలసిందేమిటి? ఆరో ఎనిమిదో సార్లు కూర్చుని, ఇప్పుడు మీద పడ్డ కష్టం నుంచి గట్టెక్కే దారి వెతుక్కోవడమా? లేక ఏళ్ళ తరబడి వారం వారం వెళ్ళి, తాను ఇలా ఎందుకు తయారైందో అడుగంటా చూసుకోవడమా? మొదటిదాన్ని కౌన్సెలింగ్ అనీ, రెండోదాన్ని సైకోథెరపీ అనీ స్థూలంగా అంటున్నారు. గీత అంత కచ్చితంగా ఏమీ లేదు. 1942లో కార్ల్ రోజర్స్ రాసిన పుస్తకం పేరులోనే ఈ రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన వాటిని దాదాపు ఒకే అర్థంలో వాడాడు. అయినా డబ్బూ సమయమూ లెక్క వేసుకోవలసిన మనిషికి తేడా తెలుస్తూనే ఉంటుంది. ఇదేదో డాక్టర్లు తేల్చవలసిన విషయమని మనం వదిలేస్తుంటాం. నాకు మాత్రం ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అనిపిస్తుంది. ఒక స్త్రీ తన బాధకి ఎంత కాలం కేటాయించుకోవచ్చు? ఆ కాలాన్ని ఎవరు కొలవాలి?

ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదలకపోవడానికి కారణం ఒక స్నేహితురాలు. పేరు చెప్పను. ఆనవాలు పట్టగల వివరాలు కొన్ని మార్చాను. తనకి చదివి వినిపించాకే ఈ వ్యాసం పత్రికకి పంపుతున్నాను. ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. ఇరవయ్యేళ్ళకు పైగా తెలుగు రాని కథానాయికల పెదాలకి తెలుగు అందిస్తోంది. ఉండేది కృష్ణానగర్‌లో, రెండు గదుల అద్దె వాటాలో. పని ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ డబ్బింగ్ థియేటర్లలో. డబ్బింగులో మాటల కన్నా మాటలు కానివి కష్టం అంటుంది. వెక్కిళ్ళు, ఎగశ్వాసలు, కేకలు. విలన్ కథానాయిక మీద పడే సీనులో ‘వదులు’ అన్న ఒక్క ముక్కని, డైరెక్టరుకి తృప్తి కలిగేదాకా, ఏసీ గదిలో మైకు ముందు నిలబడి పదిహేనుసార్లు అరిచిన రోజులున్నాయట. మనం థియేటర్లో పాప్‌కార్న్ తింటూ విన్నది ఆ పదహారోది.

ఒకరోజు అలాంటి లూపు మధ్యలో ఆమె గొంతు ఆగిపోయింది. జలుబు అనుకున్నారు. పది రోజులైనా గుసగుస తప్ప మరేమీ పైకి రాలేదు. చెవి ముక్కు గొంతు డాక్టరు కెమెరా పెట్టి చూసి స్వరతంతువుల్లో లోపమేమీ లేదన్నాడు. టెన్షన్ తగ్గించుకోమన్నాడు. చివరికి ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా ఆరు సిట్టింగుల కౌన్సెలింగ్ దొరికింది. ఉచితంగా, తెలుగులో. సిట్టింగ్ అన్న మాటకి ఆమెకి నవ్వొచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో స్టోరీ సిట్టింగులుంటాయి, మ్యూజిక్ సిట్టింగులుంటాయి. “నా కథకి కూడా సిట్టింగులు వేశారక్కా” అంది, గుసగుసగానే.

ఆ సిట్టింగుల్లో ఆమె చిన్నతనం గురించి ఎవరూ అడగలేదు. నిద్ర గురించి, ఊపిరి గురించి, రాత్రి తొమ్మిది దాటాక రమ్మనే కాల్స్ గురించి, ఎగ్గొట్టిన పేమెంట్ల గురించి అడిగారు. అరుపుల లూపులన్నీ ఒకేరోజు పెట్టొద్దని డబ్బింగ్ ఇన్‌ఛార్జికి ఎలా చెప్పాలో, ఆ రెండు వాక్యాలూ ఆమె చేత పలికించి చూశారు. ఐదో వారానికి గొంతు వచ్చింది. ఆరో సిట్టింగు అయిపోయి లేవబోతూ, పంతొమ్మిదేళ్ళప్పుడు, ఇండస్ట్రీకి వచ్చిన కొత్తలో, తనకి జరిగినదొకటి ఒకే వాక్యంలో చెప్పేసి బయటికొచ్చేసింది. మర్నాడు కౌన్సెలర్ ఫోన్ చేసింది. ఇది నా ఆరు సిట్టింగుల్లో పట్టే విషయం కాదు, నిదానంగా చూడాలి అని చెప్పి జూబ్లీహిల్స్‌లో ఒక సైకోథెరపిస్టు నంబరు ఇచ్చింది. అక్కడ గంటకి రెండు వేలు, వారానికోసారి. ఎంతకాలం అని అడిగితే ఇప్పుడే చెప్పలేం అన్నారు. ఏడాదికి లక్ష దాటుతుంది.

“గొంతు వచ్చింది కదక్కా. పని చేసుకుంటున్నాను. ఇప్పుడది తవ్వుకోవాలా? తవ్వుకోకపోతే నన్ను నేను మోసం చేసుకున్నట్టా?” అని అడిగింది.

పరిశోధనలు ఈ ప్రశ్నకి కొంతవరకు జవాబు చెబుతాయి. 1986లో కెన్నెత్ హోవర్డ్, అతని సహచరులు అమెరికాలో 2,400 మందికి పైగా రోగుల సమాచారం కూర్చి చూస్తే, సుమారు సగం మందికి ఎనిమిది సిట్టింగుల్లోనే గుర్తించదగ్గ మేలు కనిపించింది. 75 శాతం మందికి మేలు జరగడానికి 26 సిట్టింగులు పట్టాయి. అంటే మొదట్లో వేగంగా, తర్వాత నింపాదిగా. ఫిన్లండులోని హెల్సింకిలో 326 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. డిప్రెషన్, ఆందోళనలతో బాధపడే వాళ్ళలో కొందరికి పన్నెండు నుంచి ఇరవై సిట్టింగుల వైద్యం, కొందరికి దాదాపు మూడేళ్ళ వైద్యం ఇచ్చి చూశారు. మొదటి ఏడాది తక్కువ కాలం వైద్యం తీసుకున్నవాళ్ళు ముందున్నారు. మూడో ఏడాది చివరికి ఎక్కువ కాలం తీసుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. ఇవి పనికొచ్చే అంకెలే. ఎనిమిది సార్లు వెళ్ళడం వల్ల ఏం ఒరుగుతుందిలే అనుకునేవాళ్ళకి ముఖ్యంగా. కానీ ఆమె అడిగింది తగ్గుతుందా లేదా అని కాదు. తనకి తాను ఏం బాకీ ఉందో అడిగింది.

మన ఆడవాళ్ళకి తక్కువ కాలంలో ముగిసే కౌన్సెలింగ్ కొత్తేమీ కాదు. ‘సర్దుకుపో’ అన్నది ఒక్క సిట్టింగులో అయిపోయే కౌన్సెలింగ్. పుట్టింటి వసారాలో, పక్కింటి పిన్నిగారి వంటింట్లో, కులపెద్దల ముందు, స్టేషన్ బెంచీ మీద అదే మందు. 2005 నాటి గృహహింస చట్టం 14వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు కేసు ఏ దశలోనైనా బాధితురాలిని, ప్రతివాదిని, విడివిడిగా గానీ కలిపి గానీ, కౌన్సెలింగుకి పంపవచ్చు. ఆ చట్టం కింద వచ్చిన నియమాలు మంచి మాటే చెప్పాయి. తాను చేసిన హింసని సమర్థించుకోవడానికి ప్రతివాదికి అక్కడ వీలు లేదు, హింస మళ్ళీ జరగదన్న హామీ రాబట్టడమే దాని ఉద్దేశం. కాగితం మీది మాట సంగతి అది. “పిల్లల మొహం చూడమ్మా” అన్న వాక్యం ఆ నియమాల్లో ఎక్కడా లేదు. గదుల్లో మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

అందుకని తక్కువ కాలం కౌన్సెలింగుని తేలిగ్గా తీసిపారెయ్యాలా? నేను ఒప్పుకోను. మంచి చేతుల్లో పడితే దానికొక మర్యాద ఉంది. అది స్త్రీని రోగిగా మార్చదు. నీ బతుకు నువ్వు నడుపుకోగలవు, ఇప్పుడు కాస్త చెయ్యి అందిస్తాను అంటుంది. చెయ్యి అందించి తప్పుకుంటుంది. నేను చూసేది ఒక్కటే. ఆ ఆరు వారాల్లో ఆమె చుట్టూ ఉన్న పరిస్థితిలో ఏమైనా కదిలిందా, లేక ఆమె ఒక్కతే సర్దుకుందా? నా స్నేహితురాలి విషయంలో లూపులు రెండు రోజులకి విడిపోయాయి, రాత్రి కాల్స్ తగ్గాయి. కాబట్టి అది ‘సర్దుకుపో’ కాదు.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. తక్కువ కాలానిది పేదలకీ, ఎక్కువ కాలానిది ఉన్నవాళ్ళకీ అన్న పంపకం. 1918లో బుడాపెస్ట్ సభలో ఫ్రాయిడే ఈ మాట అన్నాడు. ఎప్పటికైనా ప్రభుత్వాలు పేదల మనసుల బాధ్యత కూడా తీసుకుంటాయనీ, అప్పుడు మనోవిశ్లేషణ అనే స్వచ్ఛమైన బంగారంలో నేరుగా సూచనలివ్వడమనే రాగిని కలపవలసి రావచ్చనీ ఆయన ఊహించాడు. రెండేళ్ళకే బెర్లిన్‌లో డబ్బు లేనివాళ్ళ కోసం ఒక క్లినిక్ తెరిచారు. మన దగ్గర సంగతి చూస్తే, 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వైద్యం అందనివాళ్ళు, జబ్బుని బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. 2017 చట్టం మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కు అంది. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలంది. కానీ ఆస్పత్రిలో చేరితే తప్ప చెల్లించని పాలసీలకి వారం వారం కుర్చీలో కూర్చుని మాట్లాడే ఆడమనిషి కనిపించదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఆ సేవకి విలువ ఉంది. కానీ రాగి కూడా కాస్త ఎక్కువ కాలం దొరకాలి కదా.

కృష్ణానగర్ నుంచి ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఎంతో దూరం కాదు, ఆటోలో వెళ్ళి రావచ్చు. నా స్నేహితురాలు అటు వెళ్ళనంది. ఎందుకో అడగనక్కర్లేదు. ‘ఎర్రగడ్డ నుంచి తప్పించుకొచ్చావా’ అన్న జోకులకి కథానాయిక నవ్వు ఆమే డబ్బింగ్ చెప్పింది. మన సినిమా ఆ ఊరి పేరునే తిట్టుగా మార్చింది. అటు తీరంలో వైజాగ్ ఆస్పత్రికీ అదే మర్యాద చేసింది.

మరి జూబ్లీహిల్స్‌లో? అక్కడ గది చల్లగా ఉంటుంది, ఎవరూ ఎగతాళి చెయ్యరు. అయితే చిక్కులు వేరు. వారం వారం అదే రోజు, అదే గంట అన్నది దీర్ఘకాల థెరపీకి పునాది. సినిమా పనిలో ఏ ఆర్టిస్టుకీ రేపటి గంట తనది కాదు. ముందురోజు రాత్రి ఫోనొస్తుంది. ‘కుదరదు’ అని రెండుసార్లు అంటే మూడోసారి ఫోను ఇంకొకరికి వెళ్తుంది. కాల్షీటు ఇచ్చే స్టారుకి చెల్లే ఆ గంట గొంతు అమ్ముకునే మనిషికి చెల్లదు. నెల జీతం, సెలవులు, తలుపు వేసుకునే గది ఉన్నవాళ్ళని ఊహించుకుని తయారైన వైద్యం ఇది. పైగా ఫిల్మ్‌నగర్ చిన్న ఊరు. ఎవరి డ్రైవరు ఏ గేటు ముందు నిలబడ్డాడో సాయంత్రానికి తెలిసిపోతుంది. ఫలానా ఆవిడకి ‘మెంటల్’ అట అన్న మాట పుడితే పని పోతుంది.

భాష సంగతి ఇంకా లోతైనది. మొదటి సిట్టింగుకి వెళ్ళొచ్చి ఆమె అంది, “నాకొచ్చిన తెలుగులో సగం ఇంకొకళ్ళు రాసిచ్చిన డైలాగే. ఇప్పుడు నా గురించి చెప్పుకోమంటే ఇంగ్లీషులో అడుగుతున్నారు. ఇంగ్లీషులో ఎలా ఏడవనక్కా?” ఆ థెరపిస్టుకి తెలుగు అర్థమవుతుంది గానీ ట్రామా, బౌండరీస్, ట్రిగ్గర్ అన్న మాటలు లేకుండా అడుగు పడదు. మాటలతో వైద్యం అన్న ఈ పద్ధతి పుట్టుకలోనే ఒక విచిత్రం ఉంది. 1880ల మొదట్లో వియన్నాలో డాక్టర్ బ్రాయర్ చూసిన ఒక యువతి తన మాతృభాష జర్మన్ మర్చిపోయి, కొంతకాలం ఇంగ్లీషులోనే మాట్లాడింది. ‘టాకింగ్ క్యూర్’ అన్న పేరు పెట్టింది ఆ వైద్యుడు కాదు, ఆ రోగే. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. తర్వాతి కాలంలో అమ్మాయిల అక్రమ రవాణా మీద పోరాడింది. 1904లో జర్మనీలో యూదు మహిళల సంఘం స్థాపించింది. పుస్తకాల్లో మాత్రం ‘అన్నా ఓ’ అన్న రోగిగానే మిగిలింది.

ఇంకో అమ్మాయి సంగతి. 1900 అక్టోబరులో పద్దెనిమిదేళ్ళ కూతుర్ని ఒక తండ్రి ఫ్రాయిడ్ దగ్గరికి పంపాడు. ఆమెకి దగ్గు, అప్పుడప్పుడూ గొంతు పోవడం. తండ్రి స్నేహితుడొకడు ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ వెంటపడుతున్నాడు. ఆ స్నేహితుడి భార్యతో తండ్రికి సంబంధం. ఆమె చెప్పింది తండ్రి నమ్మలేదు. ఫ్రాయిడ్ నమ్మాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. కానీ ఆ మనిషి బలవంతంగా ముద్దు పెట్టుకుంటే ఆమెకి అసహ్యం కలగడమే ఆయనకి రోగలక్షణంగా తోచింది. గొంతు పోవడం వెనక ఆమెకే తెలియని ప్రేమ ఉందన్నాడు. పదకొండు వారాలయ్యాక, డిసెంబరు 31న, ఇక రానని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. 1905లో ‘డోరా’ అన్న మారుపేరుతో ఆ కేసు అచ్చయింది. వైద్యం మధ్యలో తెగిపోయిందన్నది ఆయన లెక్క. 1976లో హెలెన్ సిక్సూ డోరా మీద నాటకం రాసేనాటికి, ఆ వెళ్ళిపోవడాన్నే ఆమె మాటగా వినడం స్త్రీవాదులు మొదలుపెట్టారు. ఇంకో ఏడాది ఉండి ఉంటే బాగుపడేదా? ఆ చెవి ముందు ఎన్నేళ్ళు కూర్చున్నా ఆమె ఫిర్యాదు ఆమె కోరికగానే తర్జుమా అయ్యేది అనిపిస్తుంది నాకు. ఎక్కువ కాలం అంటేనే ఎక్కువ లోతు అనుకోవడానికి లేదు.

మన ప్రాంతంలో ఈ భయానికి ఇంకో కారణం ఉంది. ఫిల్మ్‌నగర్‌లో బయట మాట్లాడిన ఆడవాళ్ళకి ఏం జరిగిందో అందరూ చూశారు. 2018 ఏప్రిల్ 7న నటి శ్రీరెడ్డి ఫిలిం ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చుని నిరసన తెలిపింది. ఆమె చెప్పిన విషయం కన్నా చెప్పిన తీరు గురించే ఎక్కువ మాట్లాడారు. 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అదే ఏడాది పరిశ్రమలోని స్త్రీలు కొందరు ‘వాయిస్ ఆఫ్ విమెన్’ అని ఒక బృందంగా ఏర్పడ్డారు. 2022లో ఉపసంఘం నివేదిక ప్రభుత్వానికి చేరింది. 2024 ఆగస్టులో కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటపడ్డాక, మన నివేదికని కూడా ప్రచురించమని నటి సమంత బహిరంగంగా అడగవలసి వచ్చింది. ఆ హేమ కమిటీ ముగ్గురు సభ్యుల్లో ఒకరు మన తెనాలి శారద. ఆ తలుపు తెరిపించడంలో తెలుగు నటి చెయ్యి కూడా ఉందన్నమాట, ఇక్కడ కాకపోయినా.

నివేదిక బీరువాలో ఉండగా థెరపీ గదిలో ఫైలు తెరుచుకోవడం గురించి నాకు అనుమానాలున్నాయి. పదిమందికి జరిగినది ఒక్కో మనిషి ‘ఇష్యూ’ అయి, ఒక్కో గదిలో, ఒక్కో మనిషి డబ్బుతో, రహస్యంగా నయం కావలసినదిగా మారిపోతుంది. 1969లో కెరోల్ హానిష్ రాసి, మరుసటేడు అచ్చయిన వ్యాసం మనందరికీ ఒక నినాదంగా గుర్తుంది. వ్యక్తిగతమైనదే రాజకీయమైనది అన్న ఆ వ్యాసం అసలు పుట్టిందే ఈ గొడవలో. స్త్రీలు గుంపుగా కూర్చుని తమ బతుకులు చెప్పుకోవడాన్ని ‘థెరపీ’ అని కొందరు తీసిపారేస్తే, ఆమె జవాబు రాసింది. థెరపీ అంటే ఎవరో జబ్బుపడ్డారనీ, దానికి ఒంటరిగా మందు వేసుకోవాలనీ అర్థం వస్తుంది, మేం చేస్తున్నది అది కాదు అన్నది ఆమె వాదన. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన రోజుల నుంచీ మన సమావేశాల్లోనూ ఆ వాదన బలంగానే ఉంది. మన ఒంటి గురించి మనమే అడగడం ‘సవాలక్ష సందేహాలు’ నేర్పింది. మనసు దగ్గరికి వచ్చేసరికి మనం కాస్త తడబడ్డాం. రాజకీయ అవగాహన ఉంటే డిప్రెషన్ రాదన్నట్టు మాట్లాడినవాళ్ళున్నారు. హానిష్ అన్నది నిజమే. కానీ మీటింగు అయిపోయి అందరూ ఆటోలెక్కాక, రాత్రి రెండు గంటలకి నిద్రలేచి కూర్చునే మనిషి ఒక్కతే.

‘రాయడమే నాకు థెరపీ’ అని మన రచయిత్రులు ఇంటర్వ్యూల్లో అంటుంటారు. నేను దాన్ని పూర్తిగా నమ్మలేను. కాగితం ఎంత ఓపికైనదైనా, ‘ఇక్కడ రెండేళ్ళు దాటేశావేం?’ అని తిరిగి అడగదు. మనం అందంగా రాసి తప్పించుకున్న చోటు దానికి తెలియదు.

ఇలా వినే పని ఎవరు చేస్తారన్నది కూడా ఆడవాళ్ళ ప్రశ్నే. 1960లో గుత్తా రామినీడు తీసిన ‘చివరకు మిగిలేది’ చూడనివాళ్ళు ఒకసారి చూడండి. ఆ కథ బెంగాలీ నుంచి వచ్చింది. మానసిక వైద్యశాలలో నర్సు సావిత్రి. రోగికి ప్రేమ చూపించి బాగుచెయ్యడం ఆమెకి అప్పగించిన పని. బాగుపడ్డవాడు వెళ్ళిపోతాడు, ప్రయోగం ఫలించిందని డాక్టరు సంతోషిస్తాడు. చివరికి ఆమే ఆ ఆస్పత్రిలో రోగి అవుతుంది. గంట కొట్టగానే ఆగే సమయం, తీసుకునే ఫీజు, గది బయట పరిచయం పెట్టుకోకపోవడం, వీటిని చూసి ‘ఇదేం మనిషితనం’ అనేవాళ్ళకి నేను ఆ సినిమా గుర్తు చేస్తాను. ఆ హద్దులు వినేవాళ్ళని కూడా కాపాడతాయి. ఇళ్ళలో జీతమూ హద్దూ లేకుండా వింటూ వచ్చిన అమ్మలకీ అక్కలకీ అవి లేవు.

ఇంతకీ ఆమె ప్రశ్న. తవ్వుకోకపోతే మోసమా?

కాదని చెప్పాను. జ్ఞాపకం చేసుకోవడం ఎవరికీ విధి కాదు. ‘నిన్ను నువ్వు తెలుసుకో’ అన్నది కూడా ఆడవాళ్ళ నెత్తిన పెట్టే మరో ఇంటిపని కాగలదు. లోపల ఏదో ఉంచుకుని పని చేసుకుంటూ, పిల్లని చదివించుకుంటూ బతికినవాళ్ళని పిరికివాళ్ళనే హక్కు ఏ థెరపీకీ లేదు. జూడిత్ హర్మన్ 1992 నాటి పుస్తకంలో, హింసకి గురైనవాళ్ళు కోలుకోవడంలో మొదటి దశ భద్రత, ఆ తర్వాతే గుర్తు చేసుకోవడం, దుఃఖించడం అని రాసింది. నా స్నేహితురాలికి ఆ మనిషి ఇప్పటికీ డబ్బింగ్ థియేటరు లిఫ్టులో ఎదురవుతాడు. నమస్కారం పెట్టకపోతే పని పోతుంది. అలాంటి చోట గాయం కట్టు విప్పమనడానికి ముందు, ఆమె తిండికి ఏం లోటు రాదో చూడాలి. అది చూసింది ఆ ఆరు సిట్టింగులే. చిన్నది ముందు, పెద్దది వెనక అన్న వరుసలో న్యాయముంది. పేదరాలికి చిన్నదే చాలు అనడంలో లేదు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాను. జరిగిందేదో జరిగిపోయింది అని మూసేసే వీలు ఆమె గొంతు ఆమెకి ఇవ్వలేదు. ఇరవయ్యేళ్ళు ఆమె ఇతరుల అరుపులు అరుస్తూ వచ్చింది. తన అరుపుకి ఒక్క టేకు కూడా లేదు. వెళ్ళాలని ఉంటే వెళ్ళు, వెళ్ళడమూ ఆపడమూ నీ చేతిలో ఉండేలా చూసుకో అన్నాను. ఆపాలనుకోవడమే జబ్బు లక్షణమని థెరపిస్టులు అంటారు. ఒక్కోసారి అది నిజం కూడా. అసలు విషయం దగ్గరికి వచ్చినప్పుడే మనకి ఊళ్ళో పనులు గుర్తొస్తాయి. ఆ మాట ఒకసారి చెప్పి, తలుపు తీసే ఉంచి, ఊరుకోగలిగినవాళ్ళు మంచి థెరపిస్టులు. రెండోసారి వచ్చినదాన్ని ఎందుకు మానేశావని నిలదియ్యనివాళ్ళు. బోర్డు మీది డిగ్రీలు చూడమని కూడా చెప్పాను. క్లినికల్ సైకాలజిస్టులకి 1992 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మిగతా కౌన్సెలర్లని అనుబంధ వైద్య వృత్తుల కిందకి తెచ్చిన చట్టం 2021లో గానీ రాలేదు. ఈలోగా అందమైన సోఫా కొనుక్కున్న ప్రతివాళ్ళూ కౌన్సెలర్లే.

ఆమె ఆ రెండు వేల గది మానేసింది. మూడు నెలలు ఎక్కడికీ వెళ్ళలేదు. తర్వాత యూసుఫ్‌గూడ వైపు, ఇంట్లోనే ఒక గదిలో చూసే తెలుగు థెరపిస్టు ఒకావిడ దొరికింది. ఫీజు తగ్గించింది. పదిహేను రోజులకోసారి, కాల్ పడితే ఫోన్లో. మొదటిరోజే ఆమె చెప్పిందట, “నాకు ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఆపుతాను, కారణం అడక్కండి మేడమ్” అని. అడగను గానీ ఆపే ముందు ఒక్కసారి వచ్చి చెప్పి వెళ్ళండి అందట ఆవిడ. ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. గొంతు మధ్యలో మళ్ళీ రెండుసార్లు పోయింది, వచ్చింది. మొదట్లో నిద్ర ఇంకా పాడైంది. ఫిర్యాదు ఏమైనా చెయ్యాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అది తేల్చడం థెరపిస్టు పని కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. లిఫ్టు బదులు మెట్లెక్కుతోంది. మీద పడే సీన్లకి అరుపులు చెప్పనంది, వాటికి వేరే అమ్మాయిని పిలుస్తున్నారు. ఆ మేరకి పేమెంటు తెగింది. మొన్న ఉగాది నుంచి ఆవిడ ఫీజు రెండు వందలు పెంచింది. మూడు వారాలకోసారి చేసుకుంటే కుదురుతుందా అని లెక్క వేసుకుంటోంది.